క్వారీ రోడ్డు అమ్మకానికి లేదు

ఆ చలికాలం బ్రాక్‌డెన్ ఊరి ఫుట్‌బాల్ జట్టు, రోవర్స్, ఓడిపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. వింతల్లా ఒక్కటే. ఓడిన ప్రతి శనివారం క్లబ్బు యజమాని ట్రస్కాట్ ముఖం ఇంకాస్త తేటపడేది. లోర్నాకి అది బొత్తిగా గిట్టేది కాదు.

లోర్నా కారు నడపడం నేర్పే మనిషి. ఊళ్లో సగం మంది స్టీరింగు పట్టుకున్నది ఆవిడ పక్కన కూర్చునే. అందుకని ఆవిడ గొంతు పెంచితే బ్రాక్‌డెన్ జనానికి తెలియకుండానే కాలు బ్రేకు మీదికి పోతుంది. ఆవిడ తమ్ముడు డెస్ నీళ్ల పైపులు బాగుచేస్తాడు, రోవర్స్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. నోరు మంచిది, మనసు మెత్తన. ఎవరైనా భుజం మీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలిస్తే కరిగిపోయే రకం.

ట్రస్కాట్ వేసింది ఆ చెయ్యే. జనవరిలో జట్టులో గోల్ కొట్టడం వచ్చిన ఒకే ఒక్కణ్ణి, రైలీని, దక్షిణాదిన ఓ పెద్ద క్లబ్బుకి అమ్మేశాడు. ఆ డబ్బుతో ఇంకో ఆటగాడు వస్తాడని అందరూ ఎదురు చూశారు. ఎవరూ రాలేదు. ఆటగాడికి బదులు ఒక పథకం వచ్చింది. ఊరి నడిబొడ్డున ఉన్న క్వారీ రోడ్డు మైదానాన్ని అపార్టుమెంట్లకి అమ్మి, ఊరి బయట హైవే పక్కన కొత్త స్టేడియం కడతాడట. అభిమానుల సంఘం సరేనంటే తప్ప ఊరి కౌన్సిలు ఆ కాగితం ముట్టుకోనంది. అప్పటినుంచి ప్రతి ఆటకీ డెస్‌ను యజమాని గదిలోకి పిలిచి, అద్దాల వెనక వెచ్చగా కూర్చోబెట్టి, చేతికి గ్లాసు అందించేవారు.

ఆదివారం మధ్యాహ్నం లోర్నా ఇంట్లో, వేపుడు మాంసం పళ్లేల మీదుగా అక్కాతమ్ముళ్లు పెద్ద గొడవే పడ్డారు. కొత్త స్టేడియం లేకపోతే క్లబ్బు బతకదని డెస్ అన్నాడు. ఆ మాట నీదా, నీకు గ్లాసు అందించినవాడిదా అని లోర్నా అడిగింది. డెస్ తినడం ఆపేసి కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు. అతను మాంసం వదిలేసి లేవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఆ వారంలోనే సంఘం సమావేశం, మైదానంలో ప్రేక్షకుల స్టాండు కింద ఉన్న క్లబ్బు బారులో. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. ట్రస్కాట్ తెర మీద బొమ్మలు చూపించాడు. మెరిసే గాజు గోడలు, చెట్లు, పిల్లల్ని ఎత్తుకుని నవ్వుతున్న తల్లిదండ్రులు.

"బొమ్మలో అందరూ నవ్వుతున్నారు," అన్నాడు ముందు వరసలో ముసలి వాల్టర్. "మనం ఎప్పుడు గెలిచాం బాబూ?"

హాలంతా గొల్లుమంది. ట్రస్కాట్ కూడా నవ్వాడు, తెలివైనవాడు. నవ్వు తగ్గాక మెల్లగా చెప్పుకొచ్చాడు. ప్రతి వారం క్లబ్బు నష్టపోతోందన్నాడు. ఆడవాళ్లకి రెండే మరుగుదొడ్లున్న స్టేడియానికి కొత్త కుటుంబాలు ఎందుకొస్తాయని అడిగాడు. అందులో అబద్ధమేమీ లేదని లోర్నాకి తెలుసు. ఆట మధ్య విరామమంతా ఆ వరసలో నిలబడి, రెండో సగంలో పడ్డ గోల్స్ చూడలేకపోయింది ఆవిడే. అందుకే అతని మాట పూర్తయ్యేదాకా ఊరుకుని, తర్వాత లేచింది.

"ట్రస్కాట్ గారూ, పాతది ఎప్పుడు కూలుస్తారు?"

"ఈ వేసవిలో."

"కొత్తది ఎప్పుడు లేస్తుంది?"

అనుమతులు రావాలన్నాడు, పెట్టుబడిదారులు కుదరాలన్నాడు, ఇలాంటి పనుల్లో తొందర కూడదన్నాడు.

"అంతదాకా మేం ఎక్కడ ఆడాలి?"

ట్రస్కాట్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగాక, హాల్‌స్టన్ వాళ్ల మైదానం అద్దెకి మాట్లాడి ఉంచామన్నాడు.

హాల్‌స్టన్ అంటే కొండకి అవతలి ఊరు, ఆటలో రోవర్స్‌కి తరతరాల పగవాళ్లు. ఆ ఊరి పిల్లని పెళ్లి చేసుకున్నందుకు వాల్టర్‌ని అతని సొంత అన్న చచ్చేదాకా ఎగతాళి చేశాడు. లోర్నా తమ్ముడి వైపు చూసింది. డెస్ ముఖం సున్నం కొట్టినట్టయింది. అతనికి ఈ సంగతి చెప్పలేదని అప్పుడే అర్థమైంది ఆవిడకి. కోపం అతని మీంచి జారి, ఇంకొకరి మీదికి మళ్లింది.

పథకాన్ని బలపరచమని అడగాల్సింది డెస్. జేబులోంచి కాగితం తీశాడు, చూశాడు, మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నేను చదవాల్సింది వేరే ఉంది," అన్నాడు. "చదవను. క్వారీ రోడ్డు అమ్మకానికి లేదు. అవునన్నవాళ్లు చేతులెత్తండి."

గోడల వెంబడి నిలబడ్డవాళ్లు రెండు చేతులూ ఎత్తారు. ట్రస్కాట్ కోటు వేసుకున్నాడు. "అయితే మీరే నడుపుకోండి," అన్నాడు తాపీగా. "జీతాలూ మీరే ఇచ్చుకోండి."

ఉత్త మాట కాదది. శుక్రవారం ఆటగాళ్లకి జీతాలు పడలేదు. మర్నాడు ఆట పెన్మార్‌లో, దేశానికి ఆ కొసన, సముద్రం ఒడ్డు ఊరు. ఆ సాయంత్రమే కెప్టెన్ టుండే లోర్నాకి ఫోను చేశాడు. ఆవిడ దగ్గర డ్రైవింగు నేర్చుకుని, రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి గట్టెక్కిన కుర్రాడు.

"ఆంటీ, బస్సు రద్దు చేశారు. మేం వెళ్లకపోతే లీగ్ మమ్మల్ని తీసేస్తుంది. ఆయనకి కావాల్సిందీ అదే అనుకుంటా. ఆడే జట్టే లేకపోతే మైదానం ఎందుకంటాడు."

"మీరు ఆడతారా మరి, జీతం లేకుండా?"

"కుర్రాళ్లందర్నీ అడిగాను. ఇద్దరు రామన్నారు, వాళ్లకి పసిపిల్లలున్నారు, నేనేం అనలేదు. మిగతావాళ్లు వస్తారు. ఎలా రావాలో చెప్పండి చాలు."

లోర్నా తనలాగే డ్రైవింగు నేర్పే వాళ్లందరికీ ఫోన్లు చేసింది. వాళ్లలో ఒకతను హాల్‌స్టన్ అభిమాని. మీతో ఆడి ఓడించే సుఖం మాకు పోకూడదు, అందుకే వస్తున్నానన్నాడు. తెల్లవారేసరికి క్వారీ రోడ్డు గేటు ముందు చిన్న చిన్న కార్లు బారులు తీరాయి, ప్రతి దాని నెత్తినా ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు. వాటి వెనక డెస్ వ్యాను, లోపల పైపుల మధ్య జెర్సీలూ బంతులూ. అక్కాతమ్ముళ్లు ఆదివారం తర్వాత మాట్లాడుకున్నది అప్పుడే.

"అక్కా, నేను వెధవనయ్యాను."

"అయ్యావు. వ్యానులో డీజిల్ ఉందా?"

"ఉంది."

"అయితే పద."

దారి పొడుగునా లారీవాళ్లు హారన్లు కొట్టారు. ఎల్ బోర్డు కారులో పొడుగాటి గోల్‌కీపర్ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవడం చూసి టీ కోసం ఆగినచోట జనం ఫోన్లు తీశారు. టుండే లోర్నా పక్క సీట్లో కూర్చుని, ఆవిడ మలుపు తిరిగినప్పుడల్లా అద్దం చూశారా ఆంటీ అని అడుగుతూ వచ్చాడు. ఆవిడ ఇన్నేళ్లూ అతన్ని అన్న మాటలన్నీ ఒక్క ప్రయాణంలో తిరిగొచ్చాయి. నవ్వాపుకుంటూనే, ఈ కుర్రాడు నిన్నటి జీతం లేకుండా సముద్రం దాకా వస్తున్నాడన్న సంగతి తలుచుకుని, ఆవిడ ప్రతిసారీ బుద్ధిగా అద్దం చూసింది.

ఆటలో ఓడిపోయారు. అందులో దాపరికమేముంది. మొదటి సగంలోనే రెండు గోల్స్ పడ్డాయి. రెండో సగంలో టుండే తలతో ఒకటి కొట్టాడు, ఆఖరున ఇంకోటి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. సముద్రపు గాలి మాటల్ని ఎత్తుకుపోతున్నా, ఒక మూలన గుంపుగా నిలబడ్డ బ్రాక్‌డెన్ జనం విజిల్ ఊదాక కూడా కదల్లేదు. క్వారీ రోడ్డు మాదని పాడుతూనే ఉన్నారు. ఆటగాళ్లు బట్టలు మార్చుకోకుండానే వాళ్ల ముందుకొచ్చి నిలబడ్డారు. కాసేపటికి పెన్మార్ వాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. డెస్ ఏడ్చాడు, గాలికి కళ్లు మండుతున్నాయన్నాడు. లోర్నా రుమాలిచ్చింది.

ఎల్ బోర్డు కార్ల ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఎన్నడూ పేరు వినని క్లబ్బుల అభిమానులు తోచినంత డబ్బు పంపారు. కౌన్సిలు అపార్టుమెంట్లకి అనుమతి లేదంది. అపార్టుమెంట్లు రాకపోయాక ట్రస్కాట్‌కి క్లబ్బు మీద మోజు పోయింది. వేసవి వచ్చేసరికి, తనకి అక్కరలేని వస్తువు వదిలించుకున్నట్టు, దాన్ని అభిమానుల సంఘానికే అమ్మి పోయాడు. సంతకం పెట్టిన రోజు డెస్ చేతికి తాళాల గుత్తి వచ్చింది. వాటిలో ఏది ఏ తలుపుదో ఎవరికీ తెలియక మధ్యాహ్నమంతా తిప్పి చూశారు.

జట్టు మాత్రం కింది డివిజన్‌కి దిగిపోయింది. కొందరు ఆటగాళ్లు మంచి జీతం చూసుకుని వెళ్లారు. వాళ్లని ఎవరూ తిట్టలేదు. టుండేకీ పిలుపు వచ్చింది. వారం రోజులు ఆలోచించి, తక్కువ జీతానికే ఉండిపోయాడు. ఎందుకని లోర్నా అడిగితే, కొత్త ఊళ్లో మళ్లీ దారులు నేర్చుకోవడం తన వల్ల కాదన్నాడు. అది కారణం కాదని ఇద్దరికీ తెలుసు.

ఆగస్టులో కొత్త సీజన్ మొదటి ఆట. భద్రత చూడటానికొచ్చిన అధికారి తూర్పు వైపు జనం నిలబడే మెట్లు ప్రమాదమని మూయించేశాడు. వాటిని బాగుచేయించే స్తోమత సంఘానికి అప్పటికి లేదు. దాంతో ఊరు ఊరంతా పడమటి వైపే ఇరుక్కుని నిలబడింది. మైదానానికి ఒక పక్క జనం, ఎదురు పక్క ఖాళీ మెట్ల మీద కాకులు. ఎక్కడో కొండల్లోని ఓ చిన్న ఊరినుంచి వచ్చిన అవతలి అభిమానులకి ఇది మంచి వేళాకోళమైంది. మీది సగం మైదానం, మీది సగం మైదానం అని పాట ఎత్తుకున్నారు.

లోర్నా చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చూసుకున్నారు. కొందరు తలలు దించుకున్నారు. వాల్టర్ ఏదో బూతు వెతుక్కుంటున్నాడు. లోర్నా అతన్ని పక్కకి జరిపి ముందుకి వంగి, కారులో ఎవడైనా ఎర్రదీపం దాటించబోతే అరిచే గొంతుతో అందుకుంది.

"సగమైనా మాదే!"

పక్కనే డెస్ అందుకున్నాడు. వెనక వరస అందుకుంది. పాట రెండోసారి తిరిగేసరికి పడమటి మెట్లన్నీ అదే పాడుతున్నాయి. ఎదుటి మెట్ల మీద కాకులు లేచి ఎగిరిపోయాయి. అప్పుడే జట్టు మైదానంలోకి వచ్చింది.