నీళ్ళకు ఆరని నిప్పు

నేను ఒక మట్టి కుండను. కుండ అనగానే చల్లటి నీళ్ళు గుర్తొస్తే ఆ ఆలోచన మానుకోండి. కొబ్బరికాయంత ఒళ్ళు, రెండు వేళ్ళు పట్టే మూతి. నన్ను చేసినవాడు పగలడానికే చేశాడు. నల్లగట్టు కోట గోడ మీంచి శత్రువుల నెత్తిన పడాలి, నాలోని మందు అంటుకోవాలి, వాళ్ళు నీళ్ళు చల్లేకొద్దీ ఇంకా రేగాలి. అందుకే పుట్టాను.

ఆ మందు రహస్యం పొక్కకూడదని కోట దొర ఒక ఏర్పాటు చేశాడు. మూడిళ్ళవాళ్ళకు మూడు పాళ్ళు. ఒకరు తెచ్చేదేమిటో ఇంకొకరికి తెలియదు. మూడూ కలిసేది మా కుండల కడుపులోనే. ఒకరినొకరు నమ్మకుండా ఉండటానికి మనుషులు ఎంత కష్టపడతారో అప్పుడే చూశాను. ఒక ఏడు మహమ్మారి వచ్చి ఒక ఇల్లు ఇల్లంతా పోయింది. రహస్యం కూడా వాళ్ళతోనే పోయింది. తక్కిన కుండలన్నీ యుద్ధంలో పగిలాయి. నేనొక్కదాన్నే మూలకు దొర్లి, కూలిన గోడ కింద ఉండిపోయాను. నాలోని మందు ఎండి నల్లటి అట్టలా లోపలి గోడలకు పట్టేసింది. ఎన్నేళ్ళు గడిచాయో లెక్కపెట్టలేదు. పలకరించేవాడు లేనిచోట లెక్కలెందుకు?

నన్ను బయటికి తీసినవాడు మద్దిలేటి. జాతరలకు బాణసంచా చేసే మనిషి. ఆ మూడిళ్ళలో ఒకటి తమదేనని వాళ్ళ నాయన చెప్పిన మాట పట్టుకుని కోటంతా తవ్వాడు. నీళ్ళకు ఆరని నిప్పును మళ్ళీ వెలిగించాలి, అదొక్కటే అతని పట్టుదల. ఆ సాయంత్రం నన్ను పసిబిడ్డలా ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు.

తెల్లారితే ఆయుధపూజ. పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి దేవుని ముందు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. అతని భార్య ఉసేనమ్మ అన్నిటికంటే ముందు నన్నే అందుకుంది. "మీ తాతలు పట్టిన కుండ. మురికితో పూజకు పెడ్తామా?" అని వేడినీళ్ళు పోసి నానబెట్టి, పుల్లకు కొబ్బరిపీచు చుట్టి ఓపికగా తోమింది. నల్లటి నీళ్ళు పెరటి కాలవలోకి పోయాయి. మూడిళ్ళ రహస్యంలో మిగిలింది అంతే, అదీ పోయింది. నాకు నోరు ఉంది గానీ మాట లేదు.

"ఎంత బాగ తోమితివే," అని మద్దిలేటి మురిసిపోయి నాకు కుంకుమ పెట్టాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెతికాడు. ఏవేవో నూరాడు, కాచాడు, తొట్టిలో నీళ్ళు పోసి వాటి మీద వెలిగించాడు. ప్రతిసారీ సుయ్‌మని ఆరిపోయేది. కనుబొమ్మలు పోయాయి, రెండు వేళ్ళు వంకర తిరిగాయి. జాతరవాళ్ళు పిలవడం మానేశారు. చివరికి ఒకరోజు మందు నూరే కొట్టం కాలింది.

"నీకు ఆ కుండ కావాల్నా, నేను కావాల్నా?" అంది ఉసేనమ్మ.

"ఇంగొక్క తూరి చూస్తానే."

"ఆ ఒక్క తూరి అయిపోయినాక పిలువు," అని డోన్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మీదట ఇంట్లో ఇద్దరమే. పొద్దున వండిందే రాత్రికీ తినేవాడు. నన్ను ఎదురుగా పెట్టుకుని, "చెప్పవే, నీలో ఏం పోసిరి?" అని అడిగేవాడు. వందల ఏళ్ళకు నన్ను మాట అడిగిన మనిషి దొరికాడు. చెప్పడానికి నాలో ఏమీ మిగల్లేదు.

ఇక చేతకాక నన్ను మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అక్కడి మేడమ్ టార్చి వేసి నా మూతిలోకి చూసింది.

"లోపల నల్లగా ఏమైనా పట్టి ఉండేదా?"

"ఉండె మేడమ్. పూజకని కడిగినాము."

ఆమె టార్చి ఆర్పేసింది. "అదుంటే పరీక్ష చేయించి, ఏమేం కలిపారో చెప్పేవాళ్ళం. ఎవరు కడిగారు?"

మద్దిలేటి ఆమె ముఖం చూడలేదు. "నేనే," అన్నాడు.

నన్ను బల్ల మీద వదిలి, కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశాడు. అవతలి మాట కూడా వినిపించేంత పెద్ద గొంతు ఆ ఫోన్‌ది.

"ఏం జెప్పిరి?" అంది ఉసేనమ్మ.

"ఏం లేదంట. మొదట్నుంచి ఉత్త కుండేనంట. అందులో ఎవరూ ఏం పోయలేదంట."



"నేను తోమినప్పుడు నల్లగ ఏందో వచ్చిండె. నిప్పు ఆరిపోయినప్పుడల్లా నువ్వు తల పట్టుకుంటాంటే, నేనే చెడగొట్నేమోనని ఉండె. నీ ముందర ఉండలేకనే వస్తి."

"అది మట్టేలే పిచ్చిదానా. తిన్నావా?"

"తింటి. రేపు పొద్దున బస్సుకు వస్తా."

అతను నావైపు తిరిగి చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నాను. 'మట్టి పాత్ర, ఉపయోగం తెలియదు' అని చీటీ పెట్టారు. జనం వస్తారు, పక్కనున్న కత్తిని చూసి పోతారు. మద్దిలేటి మళ్ళీ రాలేదు. రాకపోవడమే మంచిది. వస్తే ఉసేనమ్మ కూడా వెంట వస్తుంది, ఆ మేడమ్‌ను ఏదో ఒకటి అడుగుతుంది.