అడిగి నడిచిన దారి

తోపు గేటుకు తాళం పడింది మార్చి నెల రెండో మంగళవారం. హెస్టర్ ఒక చేత్తో పూలు పట్టుకుని, రెండో చేత్తో గొళ్ళెం తీయబోయింది. అది కదల్లేదు. చలికి తన వేళ్ళే మొద్దుబారాయేమో అనుకుంది. అప్పుడు కనబడింది తాళం. పక్కనే ముచ్చటైన అక్షరాలతో ఒక బోర్డు: ఇది సొంత స్థలం, దారి లేదు, ఇబ్బందికి మన్నించండి.

ఆ గేటు దాటి తోపు అంచున పది నిమిషాలు నడిస్తే చర్చి. చర్చి గోడ పక్కన భర్త లెనార్డ్‌ను పూడ్చి ఆరు వారాలైంది. రోడ్డు మీద వెళ్తే అరగంట. పక్కన నడవడానికి జాగా ఉండదు, లండన్ రైలు అందుకునే కార్లు మలుపుల్లో దూసుకొస్తాయి. ఆ రోజు ఆమె పూలతో ఇంటికి తిరిగొచ్చింది.

వాళ్ళ ఊరు విచ్‌బోర్న్‌లో ఇళ్ళన్నీ నాలుగొందల ఏళ్ళవి. కిటికీకి రంగు మార్చాలన్నా పైవాళ్ళ సెలవు కావాలి. హెస్టర్, లెనార్డ్ పెళ్ళైన కొత్తలో వాళ్ళలాంటి బడిపంతుళ్ళు కూడా ఇక్కడ ఇల్లు కొనగలిగారు. ఇప్పుడు కొనేవాళ్ళు వేరు. పెద్ద బంగళా, దానితోపాటు తోపూ కొన్న స్ట్రాచన్ గారు నిరుడే వచ్చారు.

గురువారం గ్వెండా వచ్చింది. ఊరి కౌన్సిల్లో గుమాస్తా ఆవిడ, ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలు.

"టీకి నీళ్ళు పెట్టావా, నన్నే పెట్టుకోమంటావా?" అంటూ కాగితాలు బల్ల మీద పరిచింది. "ఇరవై ఏళ్ళు జనం ఎవర్నీ అడక్కుండా నడిస్తే ఆ దారి జనానిదే. చట్టం అంతే. ముప్ఫై ఒక్కమంది సాక్ష్యం రాశారు. నువ్వూ రాయి. నీ దస్తూరీ చూస్తే దారి ఎవరిదో తేల్చే అధికారి లేచి నిలబడతాడు."

"అడక్కుండానా?"

"అడిగితే అది వాళ్ళ దయ, మన హక్కు కాదు. అయినా మన ఊళ్ళో అడిగిందెవరులే! 'ఎండ బాగా కాసిందండీ' అని గొణిగి, తల వంచుకుని నడిచిపోయే రకం మనది."

హెస్టర్ నవ్వబోయి ఆగింది.

గ్వెండా వెళ్ళాక లెనార్డ్ బల్ల సొరుగు తీసింది. ఏటా డిసెంబరులో అతను బంగళా పాత యజమాని, ముసలి ఏమరీ దొరకు, తోపు దారిన నడవొచ్చా అని ఉత్తరం రాసేవాడు. "పొరుగువాడి గాలి పీల్చడానికి కూడా అర్జీ పెడతావు నువ్వు" అని ఆమె ఎగతాళి చేసేది. "మర్యాదకి అడిగితే పోయేదేముంది, హెస్?" అనేవాడు. దొర జవాబులు పద్దెనిమిది, దారంతో కట్టి ఉన్నాయి. అన్నిటిలోనూ ఒకటే మాట: మీరూ మీ ఊరివారందరూ ఎప్పటిలాగే నడవండి, నా అనుమతి ఉంది, మీరు అడగడం నాకెంతో సంతోషం.

లెనార్డ్ తనొక్కడికే కాదు, ఊరందరికీ కలిపి అడిగాడు.

మర్నాడు రొట్టెల కొట్టు ముందు స్ట్రాచన్ గారే పలకరించారు. "అమ్మా, మీవారి సంగతి తెలిసింది. చాలా బాధేసింది. ఆ బోర్డు మీకోసం కాదండీ, కుక్కల గొడవ పడలేక పెట్టించాను. మీకొక తాళంచెవి పంపిస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళండి."

"మరి బడిపిల్లలకి?"

"ఏ పిల్లలు?"

"పదకొండు మంది. పొద్దున్నే ఆ దారినే వెళ్ళేవారు. ఇప్పుడు రోడ్డు మీద వెళ్తున్నారు."

"అందరికీ ఇస్తే ఇంక తాళం ఎందుకండీ?" అన్నారాయన. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగారు.

"నా ఒక్కదానికే అయితే వద్దండీ" అని ఆమె రొట్టె తీసుకుని వచ్చేసింది.

సాయంత్రం గ్వెండాకు ఫోను చేసింది. "ఒకవేళ మనలో ఎవరైనా అడిగి ఉంటే?"

గ్వెండా వెంటనే అడ్డుపడింది.

"హెస్టర్, నాకేం చెప్పకు తల్లీ. నేను గుమాస్తాని. తెలిస్తే రాయాలి. సోమవారం మధ్యాహ్నం సాక్ష్యాల కవరు మూసేస్తున్నా. అంతే నాకు తెలిసింది."

ఆదివారం ఆమె రోడ్డు మీదే చర్చికి వెళ్ళింది. కారు వచ్చినప్పుడల్లా కంచెకు ఆనుకుని నిలబడింది. సమాధి మీద గడ్డి ఇంకా మొలవలేదు. అతన్ని తిట్టాలనుకుంది గాని, ఏమని తిట్టాలో తోచలేదు. అతను చేసింది మంచి పనే.

సోమవారం పొద్దున కాగితం నింపడానికి కూర్చుంది. పేరు, ఎన్నేళ్ళుగా నడిచారు, వారానికి ఎన్నిసార్లు, గేటు ఎలా ఉండేది. అన్నీ రాసింది, గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా. పదకొండో ప్రశ్న: ఈ దారిన నడవడానికి మీరు గాని, మీకు తెలిసి మరెవరైనా గాని అనుమతి అడిగారా? అవును, లేదు.

అవునంటే ముప్ఫై ఒక్కమంది సాక్ష్యం నీరుగారిపోతుంది. లేదని రాస్తే లెనార్డ్ ఏటా కూర్చుని రాసిన ఉత్తరాలు అసలు లేనట్టే. తప్పు రాసిన పిల్లలకు ఆమె ఎప్పుడైనా ఒక మార్కు వేసేదేమో గాని, ఖాళీ వదిలిన వాళ్ళకు వేసేది కాదు.

పన్నెండో ప్రశ్నకు జవాబు రాసింది. చివర సంతకం చేసింది. పదకొండోది ఇంకా రాయలేదు.