చెక్క గుడ్లు

వడ్రంగి భార్య ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజున కోడి పొదుగుకు కూర్చుంది.

అంతకు ముందు రెండేళ్లుగా ఆమె దాన్ని కూర్చోబెట్టాలని చూస్తూనే ఉంది. ఇంట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు. అన్నీ హేచరీ నుంచి పిల్లలుగా తెచ్చినవే. మెషిన్లో పుట్టిన కోళ్లకు గుడ్డు పెట్టడమే తెలుసు, పొదగడం తెలియదని అక్కడివాళ్లు చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. పెరటి షెడ్డు మూలన ఒక పెట్టె పెట్టించింది. లోపలికి వెలుతురు పడకుండా గోనెపట్టా వేలాడదీసింది. గూట్లో గుడ్లు కనబడుతూ ఉంటే కోడికి కూర్చోవాలనిపిస్తుందట. అసలు గుడ్లు ఉంచితే పాడవుతాయి. అందుకని భర్తచేత చెక్క గుడ్లు చేయించింది.

మొదట చేసినవి తిప్పి పంపింది.

"తేలిగ్గా ఉన్నాయండీ. కాలు తగిలితే దొర్లిపోతున్నాయి."

అతను వాటికి రంధ్రం చేసి, ఇసుక పోసి, బిరడా కొట్టి, మళ్లీ నునుపు పట్టాడు.

"కుర్చీ చేయించుకున్నవాళ్లు కూడా ఇన్ని వంకలు పెట్టలేదు."

"కుర్చీలో ఎవరైనా కూర్చుంటారు. కూర్చోవాల్సింది టీచరమ్మ."

టీచరమ్మ అంటే నాలుగింటిలో పెద్ద పెట్ట. మిగతా మూడింటినీ వరసలో నిలబెట్టి పొడుస్తుందని ఆ పేరు పెట్టింది. ఆమె రోజుకు నాలుగైదుసార్లు గోనెపట్టా ఎత్తి చూసేది. అలికిడికి టీచరమ్మ లేచి వెళ్లిపోయేది.

ఒక ఉదయం ఆమె బట్టలు ఆరేస్తూ కూలబడింది. గుండె సగం కూడా పనిచేయడం లేదని డాక్టరు చెప్పాడు. ఆమె చెల్లెలు సాయానికి వచ్చింది. పగలు ఒకరు, రాత్రి ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. మారేటప్పుడు ఇంటికి వచ్చి దొరికింది తిన్నారు. మంచం కింద గంపలో, తవుడులో గుడ్లు కనబడ్డాయి. ఒక్కోదాని మీద పెన్సిల్ గీత ఉంది. ఆ గీత ఎందుకో ఇద్దరూ ఆలోచించలేదు. ఉడకబెట్టుకుని తిన్నారు.

నాలుగో రోజున మరదలు గింజలు వేయడానికి వెళ్లి చెయ్యి పట్టుకుని తిరిగొచ్చింది.

"బావా, మీ టీచరమ్మకి పిచ్చెక్కింది. ఈకలన్నీ లేపి నా మీదకొచ్చింది. గూట్లోంచి లేవట్లేదు."

అతను ఆసుపత్రికి వెళ్లి ముందు ఆ మాటే చెప్పాడు. మరదలు కూడా పక్కనే ఉంది. భార్య నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది.

"నేను ఇంట్లో లేకపోతేనే పనయిందన్నమాట."

"మాటిమాటికీ తెర ఎత్తి చూస్తే ఎవరు కూర్చుంటారే?"

"సరేలెండి. మంచం కింద గంపలో పది గుడ్లున్నాయి. ఏ పక్కకి తిప్పానో తెలియాలని గీత పెట్టాను. చీకటి పడ్డాక చెక్కవి తీసి అవి పెట్టండి. ఒక్కోటీ పొట్ట కిందకి తొయ్యాలి. కంగారు పెట్టకండి."

మరదలు గోడవైపు చూసింది.

"పెడతాను" అన్నాడతను.

మర్నాడు ఆమె అడిగింది. పెట్టాను అన్నాడు.

"మూడు వారాలు" అని ఆమె వేళ్లు ముడిచింది. "అప్పటికి ఇంటికి పంపించేస్తారు. ఏది ముందు చిట్లుతుందో నేను చూడాలి."

వరండాలో మరదలు అతన్ని ఆపింది.

"నిజం చెప్పెయ్ బావా. ఇద్దరం కలిసి మెక్కేశామని చెప్పు. అక్క నవ్వుతుంది."

"నవ్వితే చెప్పేవాణ్ణే. రోజులు లెక్క పెట్టుకుంటోంది."

ఆ రోజు నుంచి మిగతా మూడు పెట్టలు పెట్టిన గుడ్లు అతను దాచడం మొదలుపెట్టాడు. తవుడులో ఉంచాడు. పెన్సిల్‌తో గీత పెట్టాడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పాడు. పది కావడానికి వారం పట్టింది. అన్నాళ్లూ టీచరమ్మ చెక్క గుడ్ల మీదే కూర్చుంది. చీకటి పడ్డాక అతను చేత్తో తడుముకుంటూ చెక్కవి తీసి, అసలువి ఒక్కోటీ పొట్ట కిందకి తోశాడు. కోడి ఒకసారి పొడిచి ఊరుకుంది. షెడ్డుకు దగ్గరని రంపం మెషిన్ ఆపేశాడు. చేతిరంపంతో కోశాడు.

రోజూ భార్య అడిగేది. మేతకు లేచిందా? నీళ్లు తాగిందా? తిరిగి కూర్చుందా? ఈ మూడింటికీ అతను అబద్ధం చెప్పనక్కర్లేకపోయింది. గుడ్లు పెట్టిన రోజు ఒక్కటే అబద్ధం.

కొన్నాళ్లకు టార్చి పెట్టి గుడ్లు చూశాడు. ఎర్రటి నరాలు కనబడ్డాయి. మధ్యలో నల్లటి చుక్క కదిలింది. పదింటిలో ఎనిమిది బతికున్నాయి.

భార్య లెక్కలో మూడు వారాలు దగ్గరపడ్డాయి. ఆమె ఇంటికి రాలేదు. ఆక్సిజన్ గొట్టం పెట్టారు. డాక్టరు అతన్ని బయటికి పిలిచి, రెండు మూడు రోజులు, చూడాల్సినవాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోండి అన్నాడు.

గుడ్లకు ఇంకా వారం కావాలి.

లోపలికి వెళ్తే భార్య గొట్టం పక్కకి జరిపి అడిగింది. "లోపల్నుంచి పొడుస్తున్నాయా?"

"రేపు వస్తాయి" అన్నాడు.

హేచరీకి వెళ్లి పది పిల్లలు కావాలని అడిగాడు.

"వందకి తక్కువ అమ్మం. పదితో ఏం చేస్తావయ్యా, పెళ్లి చేస్తావా?" అన్నాడు గుమాస్తా. అతను అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి గుమాస్తా అట్టపెట్టెలో ఎనిమిది వేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

పిల్లలు కిందకి వస్తే కోడి గుడ్లు వదిలేసి వాటితో లేచి వెళ్లిపోతుంది. ఆ సంగతి భార్యే ఎప్పుడో చెప్పింది. అతను పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఒడిలో అట్టపెట్టెలోంచి పిల్లలు అరుస్తున్నాయి. గోనెపట్టా వెనక నుంచి టీచరమ్మ గొంతులో ఒక శబ్దం మొదలైంది. అంతకు ముందు అతను అది వినలేదు.

ఒక్కోదాన్నీ రెక్క కిందకి పంపాడు.

తెల్లారేసరికి టీచరమ్మ పెరట్లో ఉంది. ఎనిమిదీ దాని వెనక ఉన్నాయి. గుడ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. అతను వాటిని చెక్కపొట్టు నింపిన డబ్బాలో పెట్టి, పైన బల్బు వేలాడదీశాడు. తర్వాత మరదలికి ఫోన్ చేశాడు.

"అక్క చెవి దగ్గర పెట్టు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కోడి దగ్గరగా పట్టుకుని కింద గొంతుక్కూర్చున్నాడు. టీచరమ్మ నేల గీరి, గింజ ఎత్తి జారవిడిచి, పిల్లల్ని పిలిచింది. పిల్లలు మీదపడి అరిచాయి. అవతల నుంచి ఆక్సిజన్ శబ్దం వినిపించింది.

"ఎన్ని?" అంది భార్య.

"ఎనిమిది."

"మంచిదే. మిగిలిన రెండూ తీసెయ్యకండి."

"ఊఁ."

"తొందరపడి పారేస్తారు మీరు. ఆలస్యంగా వచ్చేవి ఉంటాయి."

"ఉంచుతానులే."

"ఆపకండి. ఇంకాసేపు విననివ్వండి."

చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చి పట్టుకున్నాడు.

ఆమె ఆ రాత్రి పోయింది. పిల్లలు మెషిన్లో పుట్టినవని ఆమెకు తెలిసిందో లేదో మరదలు చెప్పలేకపోయింది. అక్క ఫోన్ ఇచ్చేసి నిద్రపోయిందని మాత్రం చెప్పింది.

అంత్యక్రియలు అయి అతను మళ్లీ డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర రోజు గడిచింది. బల్బు మాడిపోయింది. గుడ్లు చల్లగా ఉన్నాయి. టార్చి పెట్టి చూశాడు. నరాలు కనబడలేదు. కదలిక లేదు. మళ్లీ ఒక్కోటీ చూశాడు. పదింటినీ తీసుకెళ్లి గూట్లో పెట్టాడు. పక్కన చెక్క గుడ్లున్నాయి.

టీచరమ్మ ఆ గూటివైపు రాలేదు. పిల్లల్ని షెడ్డు ఇంకో మూలన పడుకోబెట్టుకుంటోంది.

వారం దాటింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. మరదలు వెళ్లేముందు ఇల్లు కడిగి షెడ్డు ఊడ్వడానికి వచ్చింది. గోనెపట్టా ఎత్తి ముక్కు మూసుకుంది.

"బావా, ఇవి కుళ్లిపోయాయి. ఇంకా ఎందుకు ఉంచావు?"

అతను బల్ల మీద చెక్క నునుపు పడుతున్నాడు. తలెత్తలేదు.

"రెండు రోజులు ఉండనీ" అన్నాడు. "మీ అక్క ఉంచమంది."

మరదలు గోనెపట్టా కిందకి దించి, షెడ్డులో మిగతాదంతా ఊడ్చింది.