గుప్పెడంత తెలుపు

"శనివారం లోపు ఆ గోడ సంగతి చూడు. పదిమంది వస్తారు" అన్నాడు దయారత్నం, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ. గోడ వైపు చూడలేదు. మూడు వారాలుగా చూడటంలేదు. తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎస్తేరు ముందురోజు రాత్రంతా ఆసుపత్రి వార్డులో నిలబడి వచ్చింది. రాచెల్‌ని స్కూల్లో దింపి, గిన్నెలు కడిగి, శనివారం ప్రార్థనకూటానికి ఎన్ని కిలోల చికెన్ కావాలో లెక్కేసి, ఇక పడుకుందామనుకున్న వేళ భర్త అన్న ఆ మాట. ఇప్పుడు పెయింట్ డబ్బా, బ్రష్షు పట్టుకుని ముందుగదిలో మోకాళ్ళ మీద కూర్చుంది. సోఫా పక్కన, మనిషి కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో ఉంది ఆ మచ్చ. గుంటని ఫిల్లర్‌తో ఆమే పూడ్చింది. ఆరాక గరుకు కాగితంతో రుద్దింది కూడా. ఇక మిగిలింది తెల్లరంగే కదా అనుకుంది.

మొదటి డబ్బా మీద బ్రిలియంట్ వైట్ అని ఉంది. వేసి ఆరాక చూస్తే నీలిమందు కలిపి ఉతికిన గుడ్డలా మెరిసింది. చుట్టూ ఉన్న గోడ దాని పక్కన మాసిపోయినట్టు కనిపించింది. మర్నాడు వేరే కంపెనీది ప్యూర్ వైట్ తెచ్చింది. అది బూడిదరంగుకి తిరిగింది. మూడోది పాలమీగడలా పచ్చగా. స్కూలు నుంచి వచ్చిన రాచెల్ బ్యాగు దించకుండానే ఆ మూడు పొరల మచ్చకేసి చూసి, "ఇట్ డజంట్ మ్యాచ్, మమ్మీ" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. మూడు వారాలుగా సోఫాలో ఆ వైపు కూర్చోవడంలేదు. హోంవర్కు మెట్ల మీద చేసుకుంటోంది. ఎందుకని ఎస్తేరు అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

మూడు వారాల కిందట ఆ సాయంత్రం జరిగింది చాలా చిన్న విషయం. వార్డులో సీనియర్ నర్సు పోస్టు ఖాళీ అయింది. ఎస్తేరు దరఖాస్తు పెట్టింది, ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇంట్లో చెప్పలేదు. ఏడేళ్ళ కిందట ఇక్కడికి రావడానికి రాసిన పరీక్ష ప్యాసైనప్పుడు ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. భీమవరంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్సు చెప్పిన మనిషి, భార్య వీసా మీద డిపెండెంటుగా ఇంగ్లండులోని ఈ న్యూకాసిల్ వచ్చి గోడౌన్లో పార్సిళ్ళు సర్దుతున్నాడు. ఆ బాధ ఆమెకి తెలుసు. తెలిసే ఇన్నేళ్ళూ తన సంగతులన్నీ కాస్త చిన్నవి చేసి చెప్పింది. ఈసారి అసలు చెప్పనేలేదు. ఆమె ఆసుపత్రిలోనే పనిచేసే నిశాంత్, చర్చి కార్‌పార్కులో ఎదురుపడి, "వదినగారికి ఇంటర్వ్యూ వచ్చిందటగా, కంగ్రాట్స్ అన్నయ్యా" అన్నాడట.

"బయటివాళ్ళు చెబితే తెలుసుకోవాలా నేను? ఈ ఇంట్లో నేనెవర్ని?" అంటూ ఇంటికొచ్చాడు దయారత్నం. ఆమె సోఫాలో కూర్చుని రాచెల్ యూనిఫాం గుండీ కుడుతోంది. తలెత్తేలోపు చెవి పక్కన పెద్ద చప్పుడు. గాలి చెంపకి తగిలింది. తర్వాత ఏం చేసిందో తలచుకుంటే ఎస్తేరుకి ఇప్పటికీ తన మీద తనకే ఆశ్చర్యం. లేచి ఫ్రిజ్ లోంచి ఐసు తెచ్చింది. ఆయన వేళ్ళ కణుపులు కడిగి, ఎముక విరగలేదు కదా అని ఒక్కొక్కటే కదిపి చూసి, కట్టు కట్టింది. గోడ సున్నం తన జుట్టులో ఉందని అద్దంలో చూసుకునేదాకా తెలియలేదు.

"నిన్ను కొట్టానా? గోడనే కదా కొట్టింది" అన్నాడు మర్నాడు. నిజమే. కొట్టలేదు. కొట్టని దానికి పేరేమిటో ఆమెకి తెలియదు. అత్తగారికి ఆయనే ఫోన్లో చెప్పుకున్నట్టున్నాడు. ఆవిడ, "మగాడన్నాక ఓ మాటు కోపం రాదేంటమ్మా? గోడ మీద తీర్చుకున్నాడు, సంతోషించు. నువ్వు మాత్రం చెప్పకుండా అలా చేయొచ్చా?" అంది. ఎస్తేరు "తప్పేనండీ" అంది. ఫోన్ పెట్టాక, ఎవరి తప్పు ఒప్పుకుందో కాసేపు ఆలోచించి, బియ్యం కడగడానికి లేచింది. ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఉద్యోగం వచ్చింది. ఒప్పుకుంటున్నానని రాయాల్సిన ఉత్తరం మాత్రం ఇంకా రాయలేదు. వార్డు మేనేజరు, "ఎస్తా, నువ్వు దేనికీ కాదనవు, అదే నీలో మంచి గుణం" అంటూ ఆ వారం డ్యూటీ రోటాలో ఇంకో రెండు నైట్లు వేసింది. ఏడేళ్ళుగా ఆవిడకి ఎస్తేరు పేరు నోరు తిరగలేదు.

గురువారం ఊరి చివర పెయింట్ల దుకాణానికి వెళ్ళింది. కౌంటర్లో జుట్టు నెరిసిన పొడవాటి ఆవిడ, ఇక్కడివాళ్ళు అందరినీ ముద్దుగా పిలిచినట్టే "పెట్" అని పిలుస్తూ ఓపిగ్గా చెప్పింది. ఏ రెండు కంపెనీల తెలుపూ ఒకటి కాదట. డబ్బా మీద పేరు ఒకటే అయినా, ఒకరు కాస్త నీలం కలుపుతారు, ఒకరు కాస్త నలుపు, ఒకరు పసుపు. గోడ పెచ్చు నాణెమంత తెస్తే మెషీన్లో చూసి కలిపిస్తానంది. ఎస్తేరు హ్యాండ్‌బ్యాగులో టిష్యూలో చుట్టి తెచ్చిన పెచ్చు తీసి ఇచ్చింది. ఆవిడ సంతోషపడింది.

"అయినా అతుకు తెలియకుండా పోదు. గోడ వయసు వేరు, రంగు వయసు వేరు. ఈ మూల నుంచి ఆ మూలదాకా మొత్తం వేసుకోవాలి. ఇంతకీ మచ్చ ఎంతుంటుంది?"

ఎంతని చెప్పాలో తెలియక ఎస్తేరు పిడికిలి బిగించి కౌంటర్ మీద పెట్టింది. "దీనికంటే కొంచెం పెద్దది" అంది. అన్నాకగానీ తానేం చూపించిందో తెలియలేదు.

ఆవిడ ఆ పిడికిలి వంక చూసింది. మెషీను గిరగిరా తిరుగుతోంది. "డోర్ హ్యాండిల్ తగిలిందా, పెట్?" అంది మెల్లగా.

"అవును" అంది ఎస్తేరు. ఆవిడ డబ్బా ఇస్తూ మూత గట్టిగా ఉందో లేదో రెండుసార్లు నొక్కి చూసింది. బస్సులో ఇంటికొస్తూ ఎస్తేరు ఏడ్చింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, నాలుగు స్టాపులు.

శుక్రవారం వేసింది. రాత్రి దీపం వెలుగులో కలిసిపోయినట్టే ఉంది. శనివారం మధ్యాహ్నం పడమటి కిటికీలోంచి ఎండ పడగానే మళ్ళీ తేలింది. దయారత్నం వచ్చి చూసి, "ఇంత చిన్న పని కూడా..." అని సగంలో ఆపి, ఒక కుర్చీ తెచ్చి గోడకి ఆనించాడు. "నువ్విక్కడ కూర్చో. కనపడదు."

నాలుగింటికి అందరూ వచ్చారు. వందనాలు, పాటలు, బైబిలు వాక్యం అయ్యాయి. దయారత్నం బాగా మాట్లాడతాడు. ఆ గొంతు విని ఈ ఊళ్ళో ఎంతమంది ఓదార్పు పొందారో ఎస్తేరుకి తెలుసు. తర్వాత ప్రార్థన విన్నపాలు. నిశాంత్ వీసా గురించి చెప్పాడు. ముప్పై ఏళ్ళు ఇక్కడే నర్సుగా చేసి రిటైరైన సుగుణ ఆంటీ తన మోకాలి ఆపరేషన్ గురించి చెప్పింది. ఎస్తేరు వంతు ఎప్పటిలాగే దయారత్నం తీసుకున్నాడు. "ఎస్తేరు కోసం కూడా ప్రార్థించండి. ఈమధ్య చాలా అలసిపోతోంది, ఊరికే చిరాకుపడుతోంది. ప్రభువు ఆమెకి నెమ్మదినివ్వాలి."

అందరూ జాలిగా ఆమె వైపు చూసి కళ్ళు మూసుకున్నారు.

"ఒక్క నిమిషమండీ" అంది ఎస్తేరు. లేచి కుర్చీ పక్కకి జరిపింది. గొంతు వార్డులో షిఫ్టు అప్పజెప్పేటప్పటిలా వచ్చింది. "ఈ మచ్చ ఆయన చెయ్యి. నేనిక్కడ కూర్చుని ఉంటే నా తల పక్కన గుద్దారు. నాలుగు డబ్బాల తెల్లరంగు తెచ్చి వేశాను, కలవలేదు. నాకు నెమ్మదికేం తక్కువ లేదు. ఆ చెయ్యి కోసం ప్రార్థించండి."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరో దగ్గారు. దయారత్నం నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నిశాంత్ భార్య పిల్లవాడికి పాలవేళైందంటూ లేచింది. చికెన్ బిర్యానీ సగం గిన్నె మిగిలిపోయింది. అంతమందిలో ఒక్కరు కూడా తన దగ్గరికి రాకపోవడం చూస్తూ, ఎస్తేరు ప్లేట్లు ఏరుకుంది. చివరికి వంటింట్లోకి సుగుణ ఆంటీ వచ్చింది, తను తెచ్చిన పెరుగుచట్నీ గిన్నె కోసం. గిన్నె అందుకుంటూ, వెనక్కి ఒకసారి చూసి, "మా ఇంట్లో తలుపమ్మా. ఇరవయ్యేళ్ళయింది. కొత్త తలుపు పెట్టించాను గానీ నోరు తెరవలేదు" అంది. అని, కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం ఏడు గంటలవుతోంది. బయట ఇంకా ఎండ ఉంది. రాచెల్ మెట్ల మీంచి దిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఎస్తేరు చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళింది. దయారత్నం సోఫాలో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ్టి నుంచి మీరు కొన్నాళ్ళు నిశాంత్ వాళ్ళింట్లో ఉండండి. అద్దె కాగితాల్లో ఇల్లు నా పేరు మీదుంది. సోమవారం ఉద్యోగానికి ఒప్పుకుంటున్నానని రాస్తాను" అంది.

అతను తలెత్తాడు. కోపం లేదు ఆ మొహంలో, భయం ఉంది. "జనం ఏమనుకుంటారు ఎస్తేరూ?"

"నాకు తెలియదండీ" అంది ఆమె. "వాళ్ళకి నేను చెప్పేశాను. ఇక వాళ్ళిష్టం."