మేనమామ పెట్టించిన ఉద్యోగం

నా కూతురి ఉద్యోగం ఊడగొట్టింది దాని మేనమామే. పెట్టించిందీ అతనే, తన టీములోనే. చేరిన రోజు పిల్ల మెడలో ఐడీ కార్డు తియ్యకుండానే అన్నం తిన్నది.

రెండో వారం అతను ఫోన్ చేసి, "ఆ పాత డేటా అక్కర్లేదు, తీసెయ్యమ్మా" అన్నాడు. తీసేసింది. తమ వివరాలు పోయాయని కస్టమర్లు గగ్గోలు పెట్టారు. మీటింగులో అతను, "కొత్త పిల్ల, నన్నడక్కుండా చేసింది" అన్నాడు. సాయంత్రానికి దాన్ని పంపించేశారు.

మర్నాడు పండ్ల సంచితో మా ఇంటికొచ్చాడు.

"కొత్తవాళ్లని తిట్టి వదిలేస్తారనుకున్నా బావా."

"మేనమామవి, కంచే చేను మేసినట్టు చేశావు కదరా! వెళ్లి నిజం చెప్పు."

"ఇప్పుడా? నా ఉద్యోగం పోదూ?"

"ఇది చూడకుండా మీ అక్క పోయి బతికిపోయింది. నడువు."

సంచి అతని చేతిలో ఉండగానే తలుపు వేశాను. అతని ఊసు ఇక నా నోట రాదు.