రెండుసార్లు కలిపిన ఆవిరి

రెండువేల మూడులో పరబ్రహ్మం గారు ఉపగ్రహంతో సముద్రం ఎత్తు కొలిచే ఆఫీసులో పెద్ద సైంటిస్టు. పేరుకు తగ్గట్టే తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఉపగ్రహం పంపిన రాడార్ తరంగం గాలిలోని నీటి ఆవిరి వల్ల కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది. దాంతో సముద్రం ఉన్నదానికన్నా కిందికి కనబడుతుంది. ఆ తేడా ఎంతో లెక్కగట్టి కలపాలి. ఆయన కలిపారు. బంగాళాఖాతం జానెడు పైకి లేచి కూర్చుంది.

"సార్, గీ ఫైల్ల ఆవిరి లెక్క ముందే కలిపి పంపిన్రు. మళ్ల కలిపితే గిట్లనే ఎక్కువొస్తది," అంది మీటింగులో అమృత. బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం వాళ్ల అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాదైంది.

"గిట్లనే వస్తదా?" అని సాగదీశారు కోస్తా నుంచి వచ్చిన పరబ్రహ్మం గారు. "ముందు తెలుగు నేర్చుకోమ్మా, సముద్రం సంగతి తర్వాత చూద్దాం."

అందరూ విరగబడి నవ్వారు. అమృతను ఆ పని నుంచి తప్పించి లైబ్రరీలో వేశారు.

నెల తిరక్కుండా డేటా పంపినవాళ్లే చెప్పారు, ఆవిరి లెక్క అందులో ముందే కలిసి ఉందని. పరబ్రహ్మం గారికి తల కొట్టేసినట్టయింది. గుట్టుగా ఫైలు దిద్దుకుని ఊరుకున్నారు.

ఆ ఆదివారం మలక్‌పేట నుంచి భార్య కమలకుమారిని వెంటబెట్టుకుని చార్మినార్ దగ్గర గాజుల కొట్టుకు వెళ్తే, అక్కడ అమృత కూర్చుని ఉంది. ఆమె చెయ్యి గాజులాయన చేతిలో ఉంది, లేచి పోయే వీల్లేదు. ఇదే అదననుకున్నారాయన. ఆవిరి గొడవ ఇక్కడెవరికీ తెలియదు కదా.

"మీరు చెప్పిందే నిజమమ్మా," అన్నారు గొంతు తగ్గించి.

గాజు మణికట్టు చేరాక అమృత ఆయన వైపు తిరిగింది.

"లెక్క ఎవరికన్న తప్పుతది సార్. నా మాటకు నవ్విన్రు. గది ఎట్ల దిద్దుతరు?"

"ఏ మాటకు నవ్వారండీ?" అని భర్తను అడిగింది కమలకుమారి.

ఆయన గాజుల పెట్టెల వైపు చూపు తిప్పుకున్నారు. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సోమవారం ఆయనే లైబ్రరీకి వెళ్లి అమృతను మీటింగుకు పిలుచుకొచ్చారు. లెక్కలో తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నారు. పెద్ద మనసని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. ఆయనకు కాస్త ఊపిరాడింది.

"ఇక మీరు చెప్పండమ్మా," అన్నారు.

అమృత లేచింది. "సార్, గీ ఫైల్ల..."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నవ్వకండి అనబోయారు పరబ్రహ్మం గారు. ఆ మాట అనే ముఖం తనకు లేదు. ఆ నవ్వు వీళ్లకు నేర్పింది తనే.

అమృత ఆగలేదు. "గీ ఫైల్ల ఆవిరి లెక్క ముందే కలిపిన్రు," అని ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది. ఆమె చెప్పడం అయిపోయేదాకా ఆయన తల ఎత్తలేకపోయారు.