తొమ్మిదో చెయ్యి

తొమ్మిదో చెయ్యి నా నోటి నుంచి వచ్చింది. ఈ సంగతి నాకు, మా ఆయనకు, నిర్మాత ఓంప్రకాష్ గారికి మాత్రమే తెలుసు. అది తన ఆలోచనేనని ఓంప్రకాష్ గారు ఎప్పుడో నమ్మేశారు కాబట్టి, తెలిసినవాళ్ళం ఇద్దరమే అనుకోవచ్చు.

మా ఆయన శ్రీకృష్ణ ఇరవై రెండేళ్ళుగా కో-డైరెక్టర్. అంటే సెట్‌లో ఏది జరిగినా ఆయన చేసిందే, పేరు మాత్రం వేరేవాళ్ళది. ఏది జరగకపోయినా తిట్లు మాత్రం ఆయనవే. ఆషాఢంలో ఎవరూ సినిమా మొదలుపెట్టరు. అందుకని ఆ నెలంతా కథలు ఫిలింనగర్ ఇళ్ళ మీద పడతాయి. అలా ఒక సాయంత్రం ఓంప్రకాష్ గారు మా ఇంటికి వచ్చి, పెసరట్టు తింటూ, ఓడను పట్టుకుని సముద్రంలోకి లాగేసే రాక్షస ఆక్టోపస్ గురించి చెప్పారు.

“చెల్లెమ్మా, నువ్వు వైజాగ్‌లో జువాలజీ ఎమ్మెస్సీ చదివావట కదా. అలాంటిది ఉందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు.”

“లేదండి.”

“మరీ ఒక్క ముక్కలో చెప్పేశావు.”

ఆయన మొహం చిన్నబోయింది. అందుకని కాస్త వివరంగా చెప్పాను. పాత నావికుల కథలు బోలెడున్నాయి. అప్పుడప్పుడు ఒడ్డుకు గదంత తెల్లటి ముద్దలు కొట్టుకొచ్చిన మాటా నిజమే. చూసినవాళ్ళు రాక్షస ఆక్టోపస్ అన్నారు. పరీక్ష చేసి చూస్తే అవి చచ్చిన తిమింగలాల చర్మం, కొవ్వు అని తేలింది. నమ్మకంగా తూకం వేసిన ఆక్టోపస్‌లలో బాగా పెద్దవి మన వంటింటి గ్యాస్ బండలు రెండు కలిపినంత బరువుంటాయి. వాటికి ఓడ అక్కర్లేదు, పీతలు చాలు.

“మరి అంతమంది చూశామన్నారు కదా?”

“నీళ్ళలో కాలికి ఏదో చుట్టుకుంటే, అదేమిటో తీరిగ్గా చూడ్డానికి ఎవరూ ఆగరండి. బయటికొచ్చాక కథ చెబుతారు.”

“బయటికి రానివాళ్ళో?” అన్నారు మా ఆయన.

“వాళ్ళ కథ మిగతావాళ్ళు చెబుతారు.”

ఓంప్రకాష్ గారు తినడం ఆపారు. ఆయన కొంచెం బెదిరితే చూడడానికి బాగుంటుంది. అందుకే ఇంకొకటి కూడా చెప్పాను. ఆక్టోపస్‌కు బుర్ర తలలో తక్కువ, చేతుల్లో ఎక్కువ. ఏ చెయ్యి ఏం చేస్తోందో తలకు పూర్తిగా తెలియదు.

“మా యూనిట్ లాగే,” అన్నారు మా ఆయన.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఎనిమిది శని సంఖ్యట. ఎనిమిది చేతుల జంతువును తెర మీద పెడితే సినిమా ఆడదని ఓంప్రకాష్ గారి సిద్ధాంతి తేల్చేశాడట.

నేను కాఫీ అందిస్తూ, “అయితే తొమ్మిది పెట్టించండి. ఎవరు లెక్కపెడతారు?” అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టి ఫోన్ తీశారు. ఉత్తినే అన్నానండి అని చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. చెప్పలేదు. ఏం చేస్తారో చూద్దామనిపించింది.

శ్రావణ శుక్రవారం ఉదయం పదిన్నరకు ముహూర్తం పెట్టారు. కొండ దిగువన ఒక స్టూడియోలో నీళ్ళ ట్యాంకు ఉంది. దానికి ఒక పక్క మొత్తం అద్దం, అద్దానికి ఇవతల కెమెరా. నేను పేరంటానికి వెళ్ళినట్టు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. హీరోయిన్‌కు డూప్‌గా నీళ్ళలోకి దిగేది భువన. మా ఇంట్లో పనిచేసే బాలమణి కూతురు. రహమత్‌నగర్‌లో ఉంటారు. ఈతలో రాష్ట్రస్థాయి పతకం ఉంది. అవకాశం ఇమ్మని మా ఆయనకు చెప్పింది నేనే. చెయ్యీ నాదే, పిల్లా నేను పంపిందే.

“ఆంటీ, హీరోయిన్ లెక్క ఉన్ననా?” అంది భువన జడ ముందుకు వేసుకుంటూ.

“వెనక నుంచి.”

“గది చాలు. నా మొహం ఎట్లాగూ చూపియ్యరు.” అలా అని ట్యాంకు గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. “లోపట ఏందో గుంజుతుంది ఆంటీ. పొద్దుగాల రిహార్సల్‌ల కాళ్లకు తెలిసింది. జరంతనే.”

నేను అద్దం దగ్గరికి వెళ్ళి చూశాను. నల్ల రబ్బరు తల అడుగున పడుకుని ఉంది. ఎనిమిది చేతులకు ఎనిమిది తీగలు. పైన మంచె మీద ఎనిమిది మీటలు, ఒక్కోదానికి ఒక్కో మనిషి. తొమ్మిదో చెయ్యి చివర్లో హడావుడిగా కుట్టినట్టుంది. దానికి తీగ లేదు, మనిషీ లేడు. మెత్తగా, పొడుగ్గా అడుగున పరుచుకుని ఉంది. దాని కొస ఒక బూడిదరంగు గొట్టం నోటి వైపు తిరిగి ఉంది.

ఆ గొట్టం ఏమిటని మా ఆయన్ని అడిగాను. సుడి పుట్టించే మోటారు నీళ్ళు పీల్చుకునే గొట్టమట. ఏదీ లోపలికి పోకుండా దాని నోటికి జాలీ బిగించాలి. జాలీ రేపు వస్తుంది.

“ఏమండీ, ఆ తొమ్మిదోదాన్ని కోయించెయ్యండి.”

“సుధా, ముహూర్తానికి పావుగంటే ఉంది. కావాలంటే నన్ను కోయించు.”

అది హాస్యం కాదు. ముహూర్తపు షాట్ మధ్యలో ఆగితే సినిమా కూడా మధ్యలో ఆగుతుందని ఇక్కడ అందరి నమ్మకం. ఆ ఒక్క షాట్‌ను మాత్రం పూర్తయ్యేదాకా ఎవరూ ఆపమనరు. ఏదైనా ఇబ్బందైతే భువన ఎడమ పిడికిలి పైకెత్తాలని అనుకున్నారు. కథలో హీరోయిన్ కూడా రెండు చేతులూ పైకెత్తి కొట్టుకుంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు.

కొబ్బరికాయ కొట్టారు. క్లాప్ కొట్టారు. మోటారు గుర్రుమంది. భువన మునిగింది.

నలభై సెకన్లు ఊపిరి బిగబట్టగలదని నాకు తెలుసు. లోపలే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎనిమిది చేతులూ కుదుపులతో లేచాయి. పైన ఎనిమిది మంది మనుషులున్నారని చూడగానే తెలిసిపోతోంది. తొమ్మిదోది మాత్రం అలా కాదు. తొందర లేకుండా, కుదుపు లేకుండా, నేల తడుముకుంటూ కదిలింది. కొస గొట్టం నోట్లోకి వెళ్ళింది. మధ్యలో మెలిక పడింది. ఆ మెలికలో భువన కాలు పడింది. మెలిక బిగిసింది.

“అబ్బ, తొమ్మిదోది చూడండి,” అన్నారు ఓంప్రకాష్ గారు మానిటర్ ముందుకు వంగి. “ప్రాణం ఉన్నట్టే ఉంది. ఎవరయ్యా దాన్ని ఆడిస్తోంది?”

మంచె మీద ఎనిమిది మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముప్పై మూడు. ముప్పై నాలుగు. ఎడమ పిడికిలి లేచింది.

“సూపర్,” అన్నాడు డైరెక్టర్ గుసగుసగా.

పిడికిలి మళ్ళీ లేచింది. గట్టు మీద కాపలా ఉన్న ఈతగాడు నీళ్ళ వైపు చూడడం లేదు, డైరెక్టర్ చెయ్యి వైపు చూస్తున్నాడు. మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా లెక్కపెడుతున్నారని పెదవులు చూస్తే తెలిసింది. నోరు తెరిచారు. డైరెక్టర్ వైపు చూసి మూసేశారు. ఇరవై రెండేళ్ళ అలవాటు.

నలభై. భువన పిడికిలి విడిపోయింది. వేళ్ళు తెరుచుకున్నాయి.

నేను అరవవచ్చు. కో-డైరెక్టర్ భార్య అరిస్తే, ఎవరావిడ, ఎందుకు వచ్చింది అని కనుక్కుని తలలు తిప్పేసరికే పది సెకన్లవుతుంది. పట్టుచీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తుమ్మాను. ఒక్కటే తుమ్ము. జన్మలో ఏ పనీ అంత శ్రద్ధగా చేయలేదు.

ఫ్లోర్ అంతా బిగుసుకుపోయింది. శని కంటే ఒంటి తుమ్ము దగ్గరిది.

“ఆపండి,” అన్నారు ఓంప్రకాష్ గారు. ఆయన మొహంలో నెత్తురు లేదు. “అన్నీ ఆపండి. మోటారు కూడా.”

మోటారు ఆగింది. నీళ్ళు నెమ్మదించాయి. తొమ్మిదో చెయ్యి నిద్రలోకి జారినట్టు వదులైంది. ఈతగాడు అప్పుడు దూకాడు. భువనను పైకి తెచ్చి గట్టు మీద పడుకోబెట్టాడు. దగ్గింది, కక్కింది, నా చెయ్యి పట్టుకుంది. చీలమండ చుట్టూ ఎర్రటి కమిలిన గుర్తు.

“గది మెల్లగ గుంజింది ఆంటీ,” అంది చివరికి. “దేవులాడుకుంట వచ్చింది.”

అవతల అందరూ తుమ్ముకు చేయవలసినవి చేస్తున్నారు. కాళ్ళు కడుక్కున్నారు, కూర్చుని మంచినీళ్ళు తాగారు, సిద్ధాంతికి ఫోన్ చేశారు. మా ఆయన ఒక్కరే కూర్చోలేదు. వడ్రంగి పెట్టెలోంచి రంపం తీసుకుని, చొక్కా విప్పి నీళ్ళలో మునిగారు. తొమ్మిదో చెయ్యిని మొదలు దాకా కోసి, చాప చుట్టినట్టు చుట్టి మా కారు డిక్కీలో పడేశారు. నా వైపు చూసి, “ఎవరు లెక్కపెడతారు?” అన్నారు. మోటారు కాలిపోయింది, ఇక సుడి లేకుండానే తీయాలని ఓంప్రకాష్ గారితో చెప్పారు. నిర్మాతకు ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది.

నేను వద్దంటున్నా వినకుండా పదకొండూ నలభైకి భువన మళ్ళీ దిగింది. ముప్పై సెకన్లకు పైకి వచ్చింది. టేక్ ఓకే. ఎవరూ లెక్కపెట్టలేదు.

పై శుక్రవారం బాలమణి గిన్నెలు తోముతూ ఉన్నట్టుండి అంది. “మా గల్లీల అందరు గదే ముచ్చటమ్మా. ఆ ట్యాంకుల ఏందో ఉన్నదట. కాళ్లు పట్టి లోపటికి గుంజుతదట.”

“అది మోటారు, బాలమణీ.”

“మోటారుకు చేతులుంటయా అమ్మా? పిల్ల కాలికి మచ్చ ఇంక పోలే.”

గొట్టం, పీల్చే నీళ్ళు, రబ్బరు మెలిక అన్నీ విడమరిచి చెబుదామని చేతులు తుడుచుకున్నాను. అంతలో పొద్దున మా ఆయన అన్న మాట గుర్తొచ్చింది. జాలీ ఇంకా రాలేదు. మోటారు బాగానే ఉందని స్టూడియోవాళ్ళు కనుక్కున్నారు. సోమవారం నుంచి ట్యాంకును వేరే కంపెనీకి ఇచ్చారు. నీళ్ళలో పాట, పదిమంది అమ్మాయిలు. ఈయన ఫోన్ చేసి జాలీ మాట ఎత్తితే, చూద్దాంలెండి సార్ అన్నారట.

“దానికి ఎన్ని చేతులట?” అన్నాను.

“ఎనిమిదట.”

“తొమ్మిది. నేను లెక్కపెట్టాను.”

బాలమణి చేతిలో గిన్నె ఆగింది.

“నీళ్ళు తోడించి అడుగు చూపిస్తే తప్ప దిగొద్దని చెప్పు. సోమవారం అక్కడ పాటకు దిగే పదిమంది పిల్లలకూ చేరేలా చెప్పు,” అన్నాను. “మూలన గొట్టం ఉంటుంది. అది అక్కడే ఉంటుంది.”

బాలమణి తడిచేతులతోనే ఫోన్ తీసింది. సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి.